పింఛను లెక్క – దాని వెనుక ఊహలు

(మనామాలో మన సంఘం సాంస్కృతికోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



పాటలు, నాట్యాలు, నాటికల నడుమ పింఛను లెక్కలేమిటని కొందరికి అనిపించవచ్చు. అలా అనిపించడంలో తప్పు లేదు. అయితే ఈ సభలో కూర్చున్నవారిలో ఇంచుమించు అందరమూ ఏదో ఒకనాడు ఈ ద్వీపం విడిచి వెళ్ళవలసినవారమే. వెళ్ళిన తరువాత ఎన్నేళ్ళు బ్రతుకుతాము, ఏ డబ్బుతో బ్రతుకుతాము అన్న ప్రశ్న కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నవారికీ ఉంది, సల్మాబాదు కార్మిక శిబిరంలో ఉన్న తమ్ముడికీ ఉంది. కనుక ఈ విషయాన్ని మన భాషలో, మన లెక్కల్లో, తీరికగా ముచ్చటించుకొందామని ఈ సాహసం చేస్తున్నాము.

పింఛను అంటే ఒక మాట. ఈనాడు పని చేస్తున్నవానికి, "నీవు పెద్దవాడవైన తరువాత బ్రతికినంత కాలం నెలకింత ఇస్తాము" అని ఇచ్చే మాట. మాట ఇచ్చినవారు ప్రభుత్వం కావచ్చు, కంపెనీ కావచ్చు, బీమా సంస్థ కావచ్చు. ఆ మాట వల్ల వారి మీద పడే బాకీనే పింఛను బాధ్యత అంటారు. ఆ బాకీ తీర్చడానికి ఉద్యోగీ, యజమానీ నెలనెలా వేసేది చందా.

ఇంతవరకు తేలికే. చిక్కంతా ఒక్కచోట ఉన్నది. కిరాణా కొట్టులో మన బాకీ ఎంతో షావుకారు ఖాతా పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. పింఛను బాకీ ఎంతో ఏ పుస్తకం తిరగేసినా తెలియదు. అది ఇంకా జరగని సంగతుల మీద ఆధారపడి ఉన్నది. మన ఊళ్ళో పెళ్ళి వంటవాడు ఎసట్లో బియ్యం పోసే ముందు విస్తళ్ళ లెక్క అడుగుతాడు. పెళ్ళివారు "మూడు వందలు" అంటారు. అది లెక్క కాదు, ఊహ. ఊహ తప్పితే అన్నమైనా మిగులుతుంది, పరువైనా పోతుంది. వంటవానికి ఆ సాయంత్రానికే తన తప్పు తెలిసిపోతుంది. పింఛను లెక్క వేసినవారికి తెలియడానికి ముప్పై, నలభై ఏళ్ళు పడుతుంది. అప్పటికి లెక్క వేసినవారు ఉండరు. విస్తరి ముందు కూర్చున్నవారు మాత్రం ఉంటారు.

ఈ లెక్కలు కట్టేవారిని యాక్చువరీలు అంటారు. వారు ముఖ్యంగా నాలుగు ఊహలు పెట్టుకొంటారు. మొదటిది, పోగుచేసిన సొమ్ము మీద ఏడాదికి ఎంత వడ్డీ వస్తుంది. రెండవది, పింఛను పుచ్చుకొనేవారు ఎన్నేళ్ళు బ్రతుకుతారు. మూడవది, జీతాలు ఎంత వేగంగా పెరుగుతాయి. నాలుగవది, ధరలతో పాటు పింఛను కూడా ఏటా పెంచవలసి వస్తుందా, వస్తే ఎంత. ఎందరు మధ్యలో మానివేస్తారు, ఏ వయసులో విరమిస్తారు, భర్త తరువాత భార్య ఎన్నేళ్ళు ఉంటుంది వంటివి ఇంకా కొన్ని ఉన్నా, ఈ నాలుగే మూలస్తంభాలు.

ఈ స్తంభాల్లో ఒకదాన్ని కొంచెం జరిపితే ఏమవుతుందో ఒక చిన్న లెక్కతో మనవి చేస్తాము. సులువు కోసం ఏడాదికొక్కసారి కట్టి, ఏడాదికొక్కసారి తీసుకొన్నట్లు వేశాము.

ఒక ఉద్యోగికి 60వ ఏట నుంచి నెలకు 100 దీనార్లు, అంటే ఏడాదికి 1,200 దీనార్లు ఇస్తామని మాట ఇచ్చామనుకొందాము. ఆయన మరి 20 ఏళ్ళు ఉంటారని, సొమ్ము మీద 6 శాతం వడ్డీ వస్తుందని మన ఊహ. అప్పుడు ఆయన 60వ ఏట నాటికి మన చేతిలో 13,764 దీనార్లు ఉంటే చాలు. దానికోసం అంతకుముందు 30 ఏళ్ళు నెలకు సుమారు పద్నాలుగున్నర దీనార్ల చందా వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు వడ్డీ ఊహ ఒక్కటే మారుద్దాము. 6 శాతం కాదు, 4 శాతమే వస్తుందనుకొందాము. కావలసిన మొత్తం 16,308 దీనార్లవుతుంది. అంటే బాధ్యత 18 శాతం పెరిగింది. చందా మాత్రం నెలకు పద్నాలుగున్నర నుంచి 24 దీనార్లు దాటుతుంది. అంటే 67 శాతం పెరిగింది. ఇంత తేడా ఎందుకంటే, వడ్డీ తగ్గుదల రెండు దెబ్బలు కొడుతుంది. పింఛను ఇచ్చే 20 ఏళ్ళలో మిగిలి ఉన్న సొమ్ము తక్కువ పెరుగుతుంది. దానికంటె ముందు, చందా వేసే 30 ఏళ్ళలో కూడా తక్కువే పెరుగుతుంది. ఈ రెండవ దెబ్బను చాలామంది గమనించరు.

ఆ మీద, ఆయన 20 ఏళ్ళు కాదు 25 ఏళ్ళు ఉంటారనుకొందాము. మొత్తం 18,747 దీనార్లు, చందా సుమారు 28. ఇంకా ఆ మీద, ధరలు పెరుగుతాయి గనుక పింఛను ఏటా 3 శాతం పెంచుతామని మాట ఇచ్చామనుకొందాము. మొత్తం 25,750 దీనార్లు, చందా 38 పైచిలుకు. ఆ 100 దీనార్ల పింఛనే పద్నాలుగున్నరతో మొదలై 38 దగ్గరికి వచ్చింది. ఎవరూ దొంగతనం చేయలేదు. ఊహలు మారాయి, అంతే.

ఇంకొక సంగతి. ఊహ తప్పినట్లు ఎప్పుడు ఒప్పుకొంటామన్నది కూడా ముఖ్యమే. 20 ఏళ్ళ పాటు నెలకు పద్నాలుగున్నర చొప్పున వేసి, 6 శాతం నిజంగానే వచ్చి, ఆ తరువాత వడ్డీ 4 శాతానికి దిగిందనుకొందాము. మిగిలిన 10 ఏళ్ళలో లోటు పూడ్చాలంటే నెలకు 47 దీనార్లు వేయాలి. మొదటి నుంచి 4 శాతమనే అనుకొని ఉంటే 24తో పోయేది. ఆలస్యంగా సరిదిద్దుకొన్న ఊహ దాదాపు రెండింతలు పుచ్చుకొంటుందన్న మాట. అందుకనే పింఛను నిధులను కొన్నేళ్ళకొకసారి యాక్చువరీల చేత మదింపు చేయిస్తారు. మదింపును వాయిదా వేసినా, వచ్చిన లెక్కను బీరువాలో పెట్టినా లోటు ఆగదు. దాన్ని పూడ్చే గడువే తరిగిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఊహ మారినంత మాత్రాన చివరకు చెల్లించవలసిన పింఛనులో ఒక్క ఫిల్సు కూడా మారదు. ఆ ఉద్యోగి ఎన్నేళ్ళు బ్రతకాలో అన్నేళ్ళు బ్రతుకుతారు, ఎంత పుచ్చుకోవాలో అంత పుచ్చుకొంటారు. మారేది, ఆ భారాన్ని ఎవరు, ఎప్పుడు మోయాలన్న పంపకం. ఎక్కువ వడ్డీ వస్తుందని ఊహిస్తే ఈనాటి యజమానికీ, ఉద్యోగికీ చందా తేలిక. తప్పితే ఆ బరువు రేపటి ఉద్యోగుల మీద, రేపటి పన్నుల మీద పడుతుంది. కనుక పింఛను లెక్కలో "ఎంత" అన్న ప్రశ్న వెనుక "ఎవరు" అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. మేము ఈవేళ చెప్పదలచుకొన్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది.

ఊహ తప్పినప్పుడు తెరుచుకొనే ద్వారాలు మూడే. చందా పెంచడం ఒకటి. ఇచ్చిన మాటను తగ్గించడం రెండవది. ప్రభుత్వ ఖజానా మీదనో, రాబోయే తరం మీదనో వేయడం మూడవది. ఏ దేశమైనా ఈ మూడింటిలో ఏదో ఒక ద్వారం గుండా, లేదా రెండు మూడింటి గుండా నడవవలసిందే.

మనం ఉంటున్న దేశాన్నే చూద్దాము. బహ్రెయిన్‌లో ప్రభుత్వోద్యోగులకు 1975లోను, ప్రైవేటు ఉద్యోగులకు 1976లోను చట్టాలు వచ్చి పింఛను నిధులు ఏర్పడ్డాయి. 2008లో ఆ రెండు సంస్థలను కలిపి సామాజిక బీమా సంస్థగా చేశారు. నిధులు పుట్టిననాడు దేశం పడుచు దేశం. చందా కట్టేవారు ఎక్కువ, పింఛను పుచ్చుకొనేవారు తక్కువ. అప్పుడు ఏ నిధి అయినా నిండుగానే కనబడుతుంది. వానాకాలం చివర చెరువు చూసి ఎండాకాలం సంగతి చెప్పలేము కదా. ఏళ్ళు గడిచేకొద్దీ పింఛనుదారులు పెరుగుతారు, వారి ఆయుష్షు పెరుగుతుంది, లెక్క బిగుసుకొంటుంది.

2020లో ఇక్కడి ప్రభుత్వం నిధులను ఒక్కటిగా చేసి, ఏటా 3 శాతం చొప్పున వస్తుండిన పింఛను పెంపును ఆపింది. ఇందాక మన లెక్కలో ఆ 3 శాతం పెంపు ఒక్కటే 18,747ను 25,750 చేసిన సంగతి గుర్తు తెచ్చుకొంటే, ఆ నిర్ణయం ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇది రెండవ ద్వారం. 2022లో మొదటి ద్వారం కూడా తెరిచారు. ప్రైవేటు రంగంలో బహ్రెయినీ ఉద్యోగి పింఛను చందా జీతంలో 6 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. యజమాని వాటా 9 నుంచి 11 శాతానికి పెరిగి, ఆ మీద ఏడాదికి ఒక శాతం చొప్పున 2028 నాటికి 17 శాతానికి చేరేటట్లు నిర్ణయించారు. ఒక్కసారిగా కాక మెట్లు మెట్లుగా పెంచడంలో అర్థమున్నది. 9 నుంచి 17కు ఒకే రోజున దూకితే చిన్న దుకాణాలు, చిన్న కంపెనీలు తట్టుకోలేవు.

ఇది బహ్రెయినీల పింఛను, మనకేమి సంబంధమని అడగవచ్చు. నిజమే, మనకు ఇక్కడ వృద్ధాప్య పింఛను లేదు. మనకున్నది ఉద్యోగం చివర ఇచ్చే సర్వీసు సొమ్ము. కాని ఆ సొమ్ము కూడా ఈ ఊహల పరిధిలోనిదే.

2012 నాటి కార్మిక చట్టం ప్రకారం మొదటి మూడేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆ తరువాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం లెక్క. 20 ఏళ్ళు చేసినవారికి మూడేళ్ళకు ఒకటిన్నర, మిగిలిన 17 ఏళ్ళకు 17, మొత్తం పద్దెనిమిదిన్నర నెలల జీతం. అదీ చివరి జీతం మీద. ఈ "చివరి జీతం" అన్న రెండు మాటల్లోనే పెద్ద ఊహ దాగి ఉన్నది. 100 దీనార్ల మీద చేరినవానికి మొదటి మూడేళ్ళకుగాను యజమాని 150 దీనార్లు పక్కన పెట్టాడనుకొందాము. ఆ ఉద్యోగి 250 దీనార్ల మీద విరమిస్తే ఆ మూడేళ్ళకే 375 దీనార్లు ఇవ్వాలి. కనుక జీతాలు ఎంత పెరుగుతాయన్న ఊహ లేకుండా ఆ బాధ్యతను కట్టలేము. అంతర్జాతీయ గణక ప్రమాణం 19 ఈ కారణంగానే ఇలాంటి సొమ్మును కూడా యాక్చువరీల పద్ధతిలో లెక్కకట్టి కంపెనీ పుస్తకాల్లో చూపమంటుంది. కాని పుస్తకాల్లో చూపడం వేరు, పెట్టెలో ఉండడం వేరు. కంపెనీ మూతపడిననాడు పుస్తకంలోని అంకె కార్మికుని చేతికి రాదు.

2024 మార్చి 1 నుంచి ఈ ఏర్పాటు మారింది. విదేశీ ఉద్యోగి సర్వీసు సొమ్ము కోసం యజమాని నెలనెలా సామాజిక బీమా సంస్థకు చందా కట్టాలి. మొదటి మూడేళ్ళకు జీతంలో 4.2 శాతం, తరువాత 8.4 శాతం. ఈ అంకెలు ఎక్కడివంటారా? అర నెల జీతాన్ని 12 నెలలకు పంచితే నెలకు 4.17 శాతం. పూర్తి నెల జీతమైతే 8.33. పాత లెక్కనే నెలవారీగా విడగొట్టారన్న మాట. 2024 మార్చికి ముందు చేసిన సర్వీసు బాకీ యజమానిదే.

ఈ మార్పు వల్ల మేలు స్పష్టంగా ఉన్నది. సొమ్ము కంపెనీ చేతిలో కాక బయట ఒక సంస్థలో ఉంటుంది. అయితే "ఎవరు" అన్న ప్రశ్న ఇక్కడ కూడా అడగాలి. చందా ఆ నెల జీతాన్ని బట్టి పోతుంది. తరువాత జీతం రెట్టింపైనా, కట్టేసిన నెలల చందా మళ్ళీ పెరగదు. అందుచేత సంస్థ రికార్డులో మన జీతం ఎంతని నమోదై ఉన్నదో, చందా నెలనెలా పడుతున్నదో లేదో ప్రతి ఒక్కరూ చూసుకోవడం అవసరం.

ఇక మన దేశానికి వద్దాము. ఇక్కడికి రాకముందు హైదరాబాదులోనో, విశాఖలోనో కొన్నేళ్ళు కంపెనీల్లో పని చేసినవారు మనలో చాలామంది ఉన్నారు. వారికి ప్రావిడెంటు ఫండు ఖాతాతో పాటు 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలో కూడా భాగం ఉండి ఉంటుంది. ఆ పథకానికి యజమాని వాటాలో నుంచి జీతంలో 8.33 శాతం, కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం వేస్తారు. పింఛను లెక్క కూడా తేలికే. పింఛనుకు తీసుకొనే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. పదేళ్ళ సర్వీసు ఉంటేనే నెల పింఛను.

గమనించవలసినది ఏమంటే, ఇక్కడ చందా శాతం మారలేదు. అలాంటప్పుడు ఊహలు తప్పితే మారవలసింది మాటే. 2008లో పింఛనులో కొంత భాగాన్ని ముందుగానే మొత్తంగా తీసుకొనే వీలును తీసివేశారు. 2014లో పింఛనుకు తీసుకొనే జీతాన్ని చివరి 12 నెలల సగటు నుంచి చివరి 60 నెలల సగటుకు మార్చారు. వినడానికి చిన్న మార్పు. కాని జీతం ఏటా పెరుగుతున్నవానికి ఐదేళ్ళ సగటు ఏడాది సగటు కంటె తక్కువే ఉంటుంది. అదే ఏడాది కనీస పింఛను 1,000 రూపాయలని నిర్ణయించారు గాని, అది ధరలతో పాటు పెరుగుతుందన్న హామీ లేదు. కూరగాయల ధరలు చట్టం చదువుకొని పెరగవు కదా.

వడ్డీ ఊహ ఎంత మారగలదో ప్రావిడెంటు ఫండే సాక్ష్యం. 1990 దశకంలో దానిమీద వడ్డీ 12 శాతం. 2021–22లో 8.1 శాతం. 12 శాతం రోజుల్లో సొమ్ము ఆరేళ్ళలో రెట్టింపయ్యేది. 8.1 శాతమైతే దాదాపు తొమ్మిదేళ్ళు పడుతుంది. నాన్నగారి తరం విరమణ లెక్కలను మన తరానికి వర్తింపజేయకూడదనడానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు.

ఆయుర్దాయం సంగతీ అంతే. భారతదేశంలో 1970–75 నాటి లెక్కల ప్రకారం పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 49.7 ఏళ్ళు. 2016–20 నాటికి 70. అయితే ఇందులో పెద్ద భాగం పసిబిడ్డల మరణాలు తగ్గడం వల్ల వచ్చింది. పింఛను లెక్కకు కావలసినది 60 దాటినవారు ఇంకా ఎన్నేళ్ళు ఉంటారన్నది. అది కూడా సుమారు 14 ఏళ్ళ నుంచి 18 ఏళ్ళకు పెరిగింది. ఆయుష్షు పెరగడం ఆనందమే. లెక్క మాత్రం దానితో పాటు పెరగాలి.

ఆంధ్ర దేశంలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఏళ్ళ తరబడి వాదిస్తున్న సమస్య కూడా ఇదే. పాత పద్ధతిలో చివరి జీతంలో సగం పింఛను, దానిమీద కరువు భత్యం. ఊహల భారమంతా ప్రభుత్వానిది. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి చందా పింఛను పథకం వచ్చింది. ఉద్యోగీ, ప్రభుత్వమూ చందా వేస్తారు. చివరకు ఎంత పింఛను వస్తుందో మార్కెట్టు చెబుతుంది. అంటే వడ్డీ ఊహ, ఆయుష్షు ఊహ, ధరల ఊహ అన్నీ ఉద్యోగి భుజం మీదికి వచ్చాయి. బాధ్యత మాయం కాలేదు, చేతులు మారింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2023లో హామీ పింఛను చట్టం చేశారు. కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకం తెచ్చింది. అందులో 25 ఏళ్ళ సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం హామీ. ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 18.5 శాతం. ఆ ప్రభుత్వ వాటా పెద్దదిగా ఉండడానికి కారణం మీకిప్పటికి తెలిసే ఉంటుంది. హామీ ఇచ్చినవారు ఊహల బరువు మళ్ళీ తమ మీదికి తీసుకొన్నారు.

ఊహలు తప్పితే ప్రభుత్వాలకే గాని పెద్ద సంస్థలకు భయం లేదని కొందరనుకొంటారు. ఇంగ్లండులో 1762లో స్థాపించిన ఈక్విటబుల్ లైఫ్ అన్న బీమా సంస్థ కథ వింటే ఆ భ్రమ తొలగుతుంది. 1957 నుంచి 1988 వరకు ఆ సంస్థ కొన్ని పాలసీల్లో, విరమణనాడు ఇంత రేటుకు తగ్గకుండా పింఛను ఇస్తామని హామీ చేర్చింది. వడ్డీలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ హామీకి విలువే లేదనిపించింది. బయటే అంతకంటె మంచి రేటు దొరికేది. 1990 దశకంలో వడ్డీలు పడిపోయాయి, మనుషుల ఆయుష్షు పెరిగింది. ఖర్చు లేని హామీ అనుకొన్నది మోయలేని బరువైంది. ఆ బరువు తప్పించుకోవడానికి హామీ ఉన్నవారి బోనసు తగ్గించబోతే, 2000 జులైలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అది చెల్లదన్నది. అదే ఏడాది డిసెంబరులో ఆ సంస్థ కొత్త పాలసీలు ఇవ్వడం మానుకొన్నది. రెండు వందల ముప్పై ఎనిమిదేళ్ళ పేరును రెండు ఊహలు దెబ్బతీశాయి.

అంతటి సంస్థకే తప్పనిది మనకు తప్పుతుందా? గల్ఫులోని ప్రవాసులమైన మనలో ప్రతి ఒక్కరూ ఒక చిన్న పింఛను నిధి. మనమే యజమాని, మనమే ఉద్యోగి, మనమే యాక్చువరీ. మన తరఫున ఊహల బరువు మోసేవారు ఎవరూ లేరు. భారత ప్రభుత్వం 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన పేరిట గల్ఫు కార్మికులకు పింఛను, బీమా కలిపిన పథకం ఒకటి తెచ్చింది. చేరినవారు చాలా తక్కువ. 2017లో దానిని మూసివేశారు.

ఒక్క ఉదాహరణ చెబుతాము. జగిత్యాల నుంచో, కోనసీమ నుంచో వచ్చి ఇక్కడ 20 ఏళ్ళు చెమటోడ్చిన ఒక తమ్ముని చివరి జీతం 120 దీనార్లనుకొందాము. పద్దెనిమిదిన్నర నెలల జీతం 2,220 దీనార్లు. దీనారు 200 రూపాయలని వేస్తే 4,44,000 రూపాయలు. ఊళ్ళో ఇల్లు గడవడానికి నెలకు 5,000 రూపాయలే చాలనుకొన్నా, వడ్డీ ధరలకు సరిపోయిందనుకొన్నా, ఆ సొమ్ము ఏడేళ్ళ నాలుగు నెలలు వస్తుంది. 50వ ఏట ఇంటికి వెళ్ళినవానికి 58 నిండకుండానే అయిపోతుంది. అప్పటికి ఆయనకు ముందు ఎన్నో ఏళ్ళు ఉండవచ్చు, ఆయన భార్యకు ఇంకా ఎక్కువ ఉండవచ్చు. చేతికి వచ్చిననాడు పెద్దగా కనిపించే మొత్తాన్ని నెలల్లోకి మార్చి చూస్తే గాని దాని అసలు పొడవు తెలియదు.

మధ్యతరగతి వారి లెక్క కూడా ఒకటి చూద్దాము. విరమించిన తరువాత నెలకు 30,000 రూపాయల కొనుగోలు శక్తి 25 ఏళ్ళు తగ్గకుండా కావాలంటే, ధరల పెరుగుదలను మించి 4 శాతం వడ్డీ వచ్చేటట్లయితే విరమణనాటికి సుమారు 56 లక్షలు ఉండాలి. ధరలను మించి ఒక్క శాతమే వస్తే 79 లక్షలు కావాలి. బ్యాంకు 7 శాతం ఇస్తున్నదని సంతోషిస్తాము. ధరలు 6 శాతం పెరుగుతుంటే మనకు మిగిలేది ఆ ఒక్క శాతమే. కనుక ఎప్పుడూ ధరలు తీసివేయగా మిగిలిన వడ్డీతోనే లెక్క వేసుకోండి.

రూపాయి మారకం గురించి కూడా ఒక మాట. 1965లో బహ్రెయిన్ దీనారు పుట్టినప్పుడు దానికి పది గల్ఫు రూపాయలు. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించారు. ఈనాడు దీనారు 200 రూపాయలు దాటింది. రూపాయి పడినకొద్దీ మనం ధనవంతులమవుతున్నామనిపిస్తుంది. కాని రూపాయి విలువ తగ్గడంలో అక్కడి ధరలు పెరగడం కూడా కలిసి ఉన్నది. మారకం వల్ల వచ్చిన లాభాన్ని ఒకసారి లెక్క వేసుకొని, అక్కడి ఖర్చును పాత ధరల్లో ఊహిస్తే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లే.

చివరగా మా మనవి. ప్రతి కుటుంబమూ మూడేళ్ళకొకసారి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. వడ్డీ ఎంతని అనుకొంటున్నాము? ఎన్నేళ్ళని అనుకొంటున్నాము, అందులో భార్య ఏళ్ళు కలిపామా? ధరలు ఎంత పెరుగుతాయనుకొంటున్నాము? వీటిలో ఒకటి తప్పితే లోటు పూడ్చేది ఎవరు? నాలుగవ ప్రశ్నకు జవాబుగా పిల్లల పేరు వస్తే, ఆ సంగతి ముందుగా ఆ పిల్లలకు తెలియాలి.

సంఘానికి కూడా ఒక సూచన. ఏడాదికి ఒక శుక్రవారం మన సంఘ సభ్యులలో లెక్కలు, చట్టాలు తెలిసినవారు నలుగురు కూర్చుని, శిబిరాల్లోని మన తమ్ముళ్ళ కాగితాలు చూసిపెట్టే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. సామాజిక బీమా సంస్థలో జీతం సరిగా నమోదైనదా, 2024 మార్చికి ముందు సర్వీసుకు రుజువులు భద్రంగా ఉన్నాయా, ఇంటి దగ్గర పాత ప్రావిడెంటు ఫండు ఖాతాలో నామినీ పేరు ఉన్నదా అని చూడడానికి ఒక్కొక్కరికి పావుగంట చాలు. దీనికి పెద్ద ఖర్చు లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఉద్యోగం ఉండగానే ఈ పని జరగాలి.